ఆమేన్ అనేదాకా తలుపు తీయొద్దు

ఆ రోజు పొద్దున్న ఆ ఇంట్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు కొడుకు వీధిలోకి వెళ్లి సొంత ఇంటి తలుపు తట్టాలి. తండ్రి తీయాలి. పదిన్నరకల్లా అందరూ కూర్చుని టిఫిన్ చేయాలి. ఇందులో తేడా రావడానికి ఏముంది కనక?

కొడుక్కి పంతొమ్మిదేళ్లు. వీధి మొత్తం వాణ్ణి మెత్తన్న అంటుంది. మాట మెత్తన, నడక మెత్తన, ఎవరైనా కాలు తొక్కితే తనే క్షమించమని అడిగే రకం. అలాంటివాడు రెండేళ్లపాటు ముక్కూమొహం తెలియని ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి దేవుని మాట చెప్పే మిషనరీ సేవకు పేరిచ్చాడని తెలిసి ఎదురింటి రిటైర్డ్ పోస్ట్‌మాన్ పడీపడీ నవ్వాడు. "లోపలివాళ్లు వచ్చి తలుపు తీసేలోగా వీడు సందు మలుపు తిరిగేస్తాడు చూడండి!" అన్నాడు. ముప్పై ఏళ్లు తలుపులు తట్టిన మనిషి, ఆయనకు ఆ మాత్రం అనే హక్కుంది.

సేవకు బయలుదేరే ముందు ఆరు వారాల శిక్షణ. అదంతా ఆన్‌లైన్‌లోనే. మెత్తన్న పడగ్గదిలో లాప్‌టాప్ ముందు తెల్లచొక్కా, టై కట్టుకుని, కింద పైజామాతో కూర్చునేవాడు. తెరమీద ముప్పైమంది కుర్రాళ్లు చిన్న చిన్న గళ్లలో కనిపించేవారు. ప్రార్థనలో వాడు మొదటివాడు. వాక్యాలు కంఠతా పట్టడంలో మొదటివాడు. తలుపు దగ్గరికొచ్చేసరికి ఆఖరివాడు. తెలియని ఇంటి తలుపు తట్టి, వాళ్లు కాదన్నా పలకరించడం అనే పాఠంలో ఇప్పటికి రెండుసార్లు తప్పాడు. మొదటిసారి బల్లను తలుపనుకుని తట్టమంటే, "బాబూ, నీ మైకు ఆగిపోయినట్టుంది, సరిచూసుకో" అంది శిక్షకురాలు. మైకు శుభ్రంగానే ఉంది.

పక్కగదిలో చిత్రిక పడుతున్న తండ్రి ఆ దెబ్బకు పనాపి లోపలికొచ్చాడు. ఆయన వడ్రంగి. ఆ వీధిలో సగం ఇళ్ల తలుపులు ఆయన చేతివే.

"అది తట్టడమా, దుమ్ము దులపడమా? తలుపుకి వినపడాలి, ఇంటివాళ్లకి కోపం రాకూడదు. వేళ్ల కణుపుల్తో మూడు దెబ్బలు. మధ్యలో ఒక ఊపిరి పీల్చుకునేంత ఎడం. ఏదీ, కొట్టు."

మెత్తన్న కొట్టాడు. తండ్రి తల పట్టుకున్నాడు.

మూడో అవకాశం ఈ రోజు. ఇది కూడా పోతే వచ్చే శుక్రవారం ప్రయాణం లేదు, మళ్లీ ఎనిమిది నెలల తర్వాత వచ్చే బృందంతో కలిసి మొదటి పాఠం నుంచి నేర్చుకోవాలి. ఇది చాలదన్నట్టు వాళ్ల చర్చి సంఘపెద్ద రాసిచ్చే ఉత్తరం ఒకటి సాయంత్రానికల్లా శిక్షణవాళ్లకు అందాలి. ఇంటివాళ్లు మనస్ఫూర్తిగా పంపుతున్నారని అందులో ఉండాలి. మందుల షాపు నడిపే ఆ సంఘపెద్ద, మధ్యాహ్నం తనే వచ్చి ఇంటివాళ్లతో మాట్లాడి సంతకం పెడతానన్నాడు.

ముందురోజే శిక్షకురాలు ఇంటివాళ్లకు ఒక కాగితం పంపింది. తండ్రి దాన్ని అచ్చు వేయించి, పెన్సిల్ చెవిలో పెట్టుకుని, ఇంటి నక్షా చదివినంత శ్రద్ధగా చదివాడు. "మీరు అతన్ని ఎరగనట్టు నటించాలి. ఎంత బతిమాలినా వెంటనే తలుపు తీయరాదు. శిక్షకురాలు గానీ సంఘపెద్ద గానీ 'ఆమేన్' అన్నప్పుడే నటన ఆపాలి. శిక్షణలో ఉన్న వ్యక్తి తానే ఆమేన్ అంటే చెల్లదు." పోయిన ఏడాది ఎవరో కుర్రాడు మొదటి 'వద్దు' వినగానే ఆమేన్ అనేసి ఇంట్లో దూరాడట, అందుకని ఆ చివరి వాక్యం చేర్చారు.

కాగితం విషయంలో వడ్రంగి సంగతి అందరికీ తెలిసిందే. ఒకాయన కొలతల్లో పొరపాటున మూడంగుళాలు తక్కువ రాసిస్తే, ఈయన మూడంగుళాల పొట్టి తలుపు చేసి బిగించి వచ్చాడు. "కాగితంలో ఉంది" అన్నాడు. ఆ ఇంట్లో పిల్లులు ఇప్పటికీ ఆయనకు రుణపడి ఉన్నాయి.

తలుపు దగ్గర జరిగేది శిక్షకురాలికి కనపడాలి కాబట్టి తండ్రి రాత్రే కూర్చుని పల్చటి చెక్కతో ఒక పళ్లెం చేసి, దానికి తోలు పట్టీ బిగించాడు. పట్టీ మెడకు తగిలించుకుంటే పళ్లెం పొట్ట మీదికి వస్తుంది. దానిమీద లాప్‌టాప్ తెర ఎదుటివాళ్ల వైపు తిప్పి నిలబెట్టారు. వీధిలోకి వెళ్లినా నెట్ అందేలా దానికి చిన్న డాంగిల్ గుచ్చారు. కెమెరా తలుపును చూస్తుంది, మెత్తన్నకు లాప్‌టాప్ వీపు మాత్రం కనిపిస్తుంది. ఆరు వారాల్లో మొదటిసారి ప్యాంటు కూడా వేసుకుని, పది కొట్టగానే వాడు వీధిలోకి వెళ్లాడు. తల్లి ఆస్పత్రి లాండ్రీలో పొద్దుటి షిఫ్టుకు వెళ్లింది, ఇంకా రాలేదు.

తలుపు తట్టాడు. మూడోసారికి లోపలికి వినపడింది.

"ఎవరయ్యా నువ్వు?" తలుపు తీస్తూనే తండ్రి గర్జించాడు. చిన్నప్పుడు బళ్లో నాటకంలో కాపలావాడి వేషం వేశాక ఆయనకు మళ్లీ ఇదే అవకాశం.

మెత్తన్నకు కంఠతా వచ్చిన నాలుగు వాక్యాలూ ఒక్కసారిగా ఎగిరిపోయాయి. "నాన్నా... నేనే" అన్నాడు.

"నాన్నేంటయ్యా? నాకెవరూ కొడుకుల్లేరు! నడు నడు, గడప దిగు!"

తలుపు ధడాలున మూసుకుంది. లోపల గొళ్లెం పడింది. ఎదురింటి వరండాలో పేపరు చదువుతున్న పోస్ట్‌మాన్ కళ్లజోడు నుదుటిమీది నుంచి ముక్కుమీదికి దిగింది.

మెత్తన్న పళ్లెం ఇటు తిప్పి చూసుకున్నాడు. తెరమీద శిక్షకురాలు నోరు సగం తెరిచి, ఒక చెయ్యి పైకెత్తి, అలాగే బిగుసుకుపోయింది. ముప్పైమందీ బిగుసుకుపోయారు. నెట్ పోయింది. ఫోన్ చూద్దామంటే లోపల చార్జింగులో ఉంది. ఉసూరుమంటూ పళ్లెం మళ్లీ అటు తిప్పి తలుపు దగ్గరికి వెళ్లాడు.

"నాన్నా, నెట్ పోయింది. ఆవిడ కదలడం లేదు. తలుపు తియ్యి."

"ఆవిడ ఆమేన్ అందా?" లోపలి నుంచి చిన్నగొంతుతో అడిగాడు తండ్రి.

"నోరు తెరిచే ఆగిపోయింది నాన్నా. ఎలా అంటుంది?"

"అయితే ఎలా తీస్తాను? నన్ను బోల్తా కొట్టించి పరీక్షలో తప్పించాలని చూస్తారు. 'ఎంత బతిమాలినా' అని రాసుందిక్కడ." అని మళ్లీ గొంతు పెంచాడు. "వెళ్లమంటుంటే నీక్కాదూ! నీకూ మాకూ ఏ సంబంధం లేదు!"

పోస్ట్‌మాన్ పేపరు మడిచి రోడ్డు దాటి వచ్చాడు. ఆయన ముఖంలో జాలి, ఉత్సాహం పోటీ పడుతున్నాయి.

"ఎంతపని చేశాడయ్యా మీ నాన్న! సేవకెళ్తానంటే ఇంట్లోంచి గెంటేశాడా?"

"లేదండీ, ఇది నటన. ఆన్‌లైన్ శిక్షణలో భాగం."

"ఇంటి పరువు కాపాడుతున్నావు. నువ్వు బంగారం" అని పోస్ట్‌మాన్ వాడి భుజం తట్టాడు. "మెళ్లో ఈ పళ్లెమేంటి? అప్పుడే ఏదో అమ్ముకుని బతకాలనుకుంటున్నావా?"

ఇంతలో తల్లి డ్యూటీ దిగి వచ్చింది. అమ్మను చూడగానే మెత్తన్నకు ప్రాణం లేచొచ్చింది. "అమ్మా!" అని ఎదురెళ్లాడు. ఆమె కూడా "అయ్యో నాన్నా" అనబోయి, టక్కున ఆగింది. కాగితం ఆమె కూడా చదివింది. కొడుకు మెడలో లాప్‌టాప్ ఉంది, అంటే పరీక్ష ఇంకా నడుస్తోంది. తన మూలంగా బిడ్డ తప్పితే ఎంత పాపం!

"ఎవరు బాబూ మీరు? నన్ను అమ్మా అంటారేంటి?" అంది. ఎవరికీ కనపడకుండా వాడికి మాత్రం కన్ను కొట్టింది. తలుపు చప్పుడు చేసి, "నేనేనండీ" అంది. గొళ్లెం తీసిన చప్పుడు, ఆమె లోపలికి వెళ్లిన చప్పుడు, గొళ్లెం వేసిన చప్పుడు వరసగా వినిపించాయి.

పోస్ట్‌మాన్ అక్కడే అరుగుమీద కూలబడ్డాడు. "కన్నతల్లి! కన్నతల్లి కూడా!" అని, ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా లేనంత వేగంగా కబురందించే పనిలో పడ్డాడు. అయిదు నిమిషాల్లో గేటు దగ్గర ఎనిమిదిమంది చేరారు. "నువ్వేం దిగులు పడకు. సంఘపెద్దగారికి ఫోన్ చేసి అంతా చెప్పేశాను. షాపు కట్టేసి వస్తున్నారు" అన్నాడు మెత్తన్నతో.

మెత్తన్న మూసిన తలుపు వైపు చూశాడు. ఇంటివాళ్లు మనస్ఫూర్తిగా పంపుతున్నారని రాయాల్సిన మనిషి వచ్చి ఈ తలుపు చూస్తే ఇంకేమైనా ఉందా! ఆయన వచ్చేలోగా ఎక్కడైనా నెట్ దొరికితే, శిక్షకురాలి నోటితో ఆమేన్ అనిపించి తలుపు తీయించొచ్చు. దానికి ఒకటే దారి. ఇంకో ఇంటి తలుపు తట్టాలి.

మొదటి ఇల్లు పాటలు నేర్పే టీచరుది. ఆవిడ తలుపు సగం తీసి, మెడలో పళ్లెం చూసి, వాడు నోరు తెరవకముందే "మాకేం వద్దు బాబూ" అని మూసేసింది. రెండో ఇంట్లో రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్న బస్సు మెకానిక్ లేచి వచ్చాడు. ఆయన అన్న మాటలు మిషనరీలు రాసుకునేవి కావు. మెత్తన్న క్షమించమని అడిగి, మెట్లు దిగి, చిత్రంగా తనకింకా కాళ్లూ చేతులూ ఉన్నాయని గమనించాడు. అనుకున్నంత దారుణమేమీ జరగలేదు.

మూడో ఇల్లు సందు చివర ఒంటరిగా ఉండే ముసలావిడది. వీధిలో అందరికీ ఆవిడ మామ్మగారే. వాడు ఈసారి కణుపుల్తో మూడు దెబ్బలు కొట్టాడు. మధ్యలో ఊపిరి పీల్చుకున్నాడు.

"రా నాయనా. సమయానికొచ్చావు. ఈ సూదిలో దారం ఎక్కించి పెట్టు" అంది ఆవిడ, ఎవరు, ఏమిటి అనకుండానే.

మెత్తన్న వాక్యాలు గుర్తు తెచ్చుకోబోయి మానేశాడు. సూదిలో దారం ఎక్కించాడు. ఆవిడ ఇంకో నాలుగు సూదులు ముందు పెట్టింది. వాటికీ ఎక్కించాడు. నెట్ అంటే ఏంటని ఆవిడ అడిగాక ఇక్కడ తన పని జరగదని అర్థమైంది, అయినా లేవబుద్ధి కాలేదు.

"మీరెలా ఉన్నారు మామ్మగారూ?" అన్నాడు.

"ఈ ప్రశ్న నన్నెవరైనా అడిగి పదిరోజులైంది" అని ఆవిడ మొదలుపెట్టింది. మోకాళ్లు, కళ్లు, పోయిన మొగుడు, రాని కూతురు అన్నీ అయ్యాక, "అవునూ, ఈ వేషమేంటి నీకు? పెళ్లిచూపులా?" అంది. వాడు సేవ గురించి చెప్పాడు. ఎందుకు వెళ్తున్నాడో చెప్పాడు. ఆరు వారాల పాఠాల్లో వాడి నోట రాని మాటలు, సూదులు పట్టుకుని కూర్చుంటే తడబడకుండా వచ్చాయి. ఆవిడ అంతా విని, "నీ దేవుడి సంగతి తర్వాత చూద్దాం గానీ, వెళ్లేలోపు మళ్లీ ఓసారి రా" అంది. తర్వాత పళ్లెం వైపు చూసి, "పెట్టెలో అమ్మాయెవరు? ఇందాకట్నుంచి చేతులూపి చస్తోంది" అంది.

"అది ఆగిపోయిన బొమ్మ మామ్మగారూ."

"ఆగిపోయిన బొమ్మ అన్నిసార్లు చేతులు ఊపుతుందా?"

సూదిలో దారం కనపడని కళ్లు, పాపం అనుకుని మెత్తన్న లేచాడు.

తిరిగొచ్చేసరికి గేటు దగ్గర పాతికమంది ఉన్నారు. తలుపు అలాగే మూసి ఉంది. వాడు జనాన్ని తప్పించుకుని మెట్లెక్కి, కణుపుల్తో మూడు దెబ్బలు కొట్టాడు. ఎడం సరిగ్గా ఉంది, మోత సరిగ్గా ఉంది. లోపల ఏదో పని చేస్తున్న చప్పుడు ఆగిపోయింది.

"ఎవరు?" తండ్రి గొంతులో ఇందాకటి గర్జన లేదు.

"దారిన పోయేవాణ్ణండీ. తలుపు తీయక్కర్లేదు. మీరెలా ఉన్నారో కనుక్కుందామని."

లోపల అడుగుల చప్పుడు గుమ్మం దాకా వచ్చింది. తర్వాత తలుపుకు బాగా దగ్గరగా వినపడింది.

"బాగానే ఉన్నానయ్యా. నాకో కొడుకున్నాడు. ఇందాక లేడన్నాను గానీ, ఉన్నాడు. శుక్రవారం ఊరెళ్తున్నాడు, రెండేళ్లకి. మాట పెగలదు వాడికి. ఎక్కడో ఎవడో మొహాన తలుపేస్తే ఏమైపోతాడో అని ఆరు వారాల్నుంచి నాకు నిద్ర లేదు. వాడితో చెప్పలేదు. చెప్తే ఆగిపోతాడు. ఆగిపోతే నాకు ఇంకా బాధ."

మెత్తన్న తలుపు మీద అరచెయ్యి ఆనించాడు. నాన్న నోటి నుంచి వాడు ఒక్కసారిగా ఇన్ని మాటలు ఎప్పుడూ వినలేదు. పరాయివాడుగా నిలబడితే గానీ వినే యోగం లేకపోయింది.

"ఏం కాదండీ ఆయనకి" అన్నాడు మెల్లగా. "ఇవాళ నా మొహాన నాలుగు తలుపులు వేశారు. అందులో రెండు సొంతవాళ్లే వేశారు. ఏం కాలేదు. ఐదో తలుపు తీశారు."

లోపల ముక్కు చీదిన చప్పుడైంది. "నిజమేనా?"

"నిజమండీ. మరి ఇప్పుడు తలుపు తీస్తారా?"

"అదొక్కటీ అడక్కయ్యా. కాగితంలో లేదు."

ముక్కు చీదిన చప్పుడు మాత్రం గేటు దాకా వినిపించింది. "లోపల ఏడుస్తున్నాడు, మనసు కరుగుతోంది!" అని పోస్ట్‌మాన్ అందరికీ చేరవేస్తుండగా సంఘపెద్ద స్కూటర్ దిగాడు. జేబులో ఉత్తరం ఉంది. దాన్ని తీసి, మూసిన తలుపును చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"బాబూ, ఇంత ఇష్టంలేని ఇంటి నుంచి నిన్నెలా పంపను? ఈ ఉత్తరం మీద సంతకం పెట్టడం నావల్ల కాదు."

మెత్తన్న మామూలుగా అయితే క్షమించమని తల దించుకునేవాడు. ఆ రోజు అప్పటికి ఐదు తలుపులు తట్టి ఉన్నాడు. ఆయన కళ్లలోకి చూసి, "అయ్యగారూ, మీరు ఒక్క ఆమేన్ అనండి. తలుపు దానంతటదే తెరుచుకుంటుంది" అన్నాడు.

సంఘపెద్ద నిర్ఘాంతపోయాడు. ఇరవై ఏళ్లుగా ఆదివారం ఆదివారం ప్రసంగిస్తున్నాడు, ఇంత విశ్వాసం ఎవరిలోనూ చూడలేదు.

"ఆమేన్ ఊరికే అంటారా నాయనా? ముందు ప్రార్థన చెయ్యాలి" అని జనం వైపు తిరిగి కళ్లు మూసుకోమన్నాడు. అందరూ తలలు వంచారు. లోపల అలవాటు కొద్దీ వడ్రంగి కూడా తల వంచాడు. ప్రార్థన పావుగంట సాగింది. ఈ తండ్రి రాతిగుండెను కరిగించమని, ఈ తల్లికి కన్నబిడ్డను గుర్తుపట్టే కళ్లిమ్మని, బిగుసుకున్న ఈ తలుపును నీ చేత్తో తెరవమని ఆయన మనసారా వేడుకున్నాడు. పోస్ట్‌మాన్ కళ్లు తుడుచుకున్నాడు.

"ఆమేన్" అన్నాడు సంఘపెద్ద.

ఆ మాట పూర్తవకముందే గొళ్లెం తీసిన చప్పుడు, తలుపు బార్లా తెరుచుకున్న చప్పుడు ఒకేసారి అయ్యాయి. గుమ్మంలో వడ్రంగి ముఖమంతా నవ్వుతో నిలబడి ఉన్నాడు. వెనక తల్లి చేతిలో గరిటెతో ఉంది.

"అయిపోయిందా? రా నాన్నా రా, టిఫిన్ చల్లారిపోయింది. ఏవండీ, మీరంతా ఇక్కడున్నారేంటి?" అంది.

సంఘపెద్ద తన రెండు చేతులూ పైకెత్తి, వాటిని మొదటిసారి చూసినట్టు చూసుకున్నాడు. మెత్తన్న అసలు సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. వడ్రంగి కాగితం తెచ్చి చూపించాడు. అందరూ చదివారు. నమ్మినవాడు మాత్రం ఒక్కడు లేడు. కళ్లారా చూశాక కాగితాలెవరిక్కావాలి?

మెత్తన్న లోపలికొచ్చి పళ్లెం బల్లమీద పెట్టి తెర తన వైపు తిప్పుకున్నాడు. శిక్షకురాలు కదులుతోంది. చేతులూపుతోంది. పెదాలు ఆడుతున్నాయి గానీ మాట వినపడటం లేదు. లాప్‌టాప్ పక్కనుంచి ఇయర్‌ఫోన్ తీగ వేలాడుతోంది. పొద్దున పాఠం విని తీయడం మర్చిపోయాడు. తీగ లాగేశాడు.

"...ఆమేన్! ఆమేన్! బాబూ, గంటంపావు నుంచి ఆమేన్ అంటున్నాను, ఎవరైనా వినండి!" శిక్షకురాలి గొంతు బొంగురుపోయింది. నెట్ పోయింది రెండు నిమిషాలే. ఆ తర్వాత పాటల టీచరు, మెకానిక్, మామ్మగారు, తలుపవతలి నాన్న, అన్నీ ముప్పైమందీ చూశారు. చాలామంది నోట్సు రాసుకున్నారు. మెకానిక్ మాటలు కూడా ఒకడు రాసుకున్నాడు.

"పరీక్ష పాసయ్యావు" అంది శిక్షకురాలు, నీళ్లు తాగి. "తలుపు పాఠం ఇకమీదట నేను చెప్పను. నీ వీడియో చూపిస్తాను. మీ నాన్నగారి నటన మాత్రం..."

"కాగితంలో ఉన్నట్టే చేశానండీ" అన్నాడు వడ్రంగి వినయంగా.

సంఘపెద్ద ఆ బల్ల దగ్గరే కూర్చుని ఉత్తరం మీద సంతకం పెట్టాడు. 'మనస్ఫూర్తిగా' అన్న మాట కింద రెండు గీతలు గీశాడు. అందరూ వెళ్లాక తండ్రీకొడుకులు చల్లారిన టిఫిన్ తింటూ కూర్చున్నారు. కాసేపటికి తండ్రి తల ఎత్తకుండానే, "ఇందాక దారిన పోయేవాడొకడొచ్చాడ్రా. మంచివాడు. చక్కగా తట్టాడు తలుపు" అన్నాడు.

"రెండేళ్ల తర్వాత మళ్లీ వస్తాడంట నాన్నా" అన్నాడు మెత్తన్న.

తండ్రి తలూపి, కొడుకు కంచంలో ఇంకాస్త వడ్డించమని భార్యకు సైగ చేశాడు. ఆ రాత్రి ఆరు వారాల తర్వాత ఆయనకు ఒళ్లు తెలియని నిద్ర పట్టింది.

మర్నాడు పొద్దున్నే పోస్ట్‌మాన్ సంఘపెద్దకు ఫోన్ చేసి, తమ బీరువా తలుపు ఆరు నెలలుగా బిగుసుకుపోయి ఉందని, వీలు చూసుకుని ఓసారి వచ్చి ప్రార్థన చేసి వెళ్లమని అడిగాడు. ఎదురింట్లో వడ్రంగి ఉన్న సంగతి ఆయనకు గుర్తు రాలేదు.